సీమంతం: తల్లికి అనువుగా వేడుకను నిర్వహించడం ఎలా?

పుదుచ్చేరి పట్టణపు ఉత్తర తీరాన, కురుసుకుప్పానికి చేరువలో ఉన్న మత్స్యకార గ్రామం వైతికుప్పం. మాసి మాసంలో మఖా నక్షత్రం నాడు అనేక ఆలయాల ఉత్సవమూర్తులు సముద్రస్నానానికి తరలివచ్చే తీరంగా ఇది ప్రసిద్ధం. ఇటువంటి తీరగ్రామాలలో తొలిచూలు స్త్రీకి జరిపే గాజుల వేడుకను తమిళులు వళైకాప్పు అంటారు. తెలుగు ఇళ్లలో దీనికి దగ్గరగా ఉండే వేడుక సీమంతం. వాడుకలో శ్రీమంతమని, కొన్నిచోట్ల సూడిదలని కూడా వ్యవహరిస్తారు. ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన యానాం తెలుగు సీమ. అందువల్ల తెలుగు, తమిళ కుటుంబాలు వియ్యమందినప్పుడు ఈ రెండు పద్ధతులూ ఒకే పందిట కలుస్తుంటాయి.

పద్ధతి ఏదైనా వేడుకకు కేంద్రం గర్భిణి. ముహూర్తం, విందు, అతిథుల జాబితా అన్నీ ఆమె ఆరోగ్యానికీ, ఇష్టానికీ లోబడి ఉండాలి. ఏర్పాట్ల హడావుడిలో తరచు మరుగున పడేది ఈ ఒక్క విషయమే.

ఆచారపు మూలాలు

షోడశ సంస్కారాలలో సీమంతోన్నయనం మూడవది. సీమంతం అంటే పాపిట, ఉన్నయనం అంటే పైకి తీయడం. భర్త ఏదుపంది ముల్లు, మేడికాయల గుత్తి, దర్భలతో భార్య పాపిట తీయడం, వీణాగానం వినిపించడం గృహ్యసూత్రాలు చెప్పిన విధులు. ఏ నెలలో జరపాలన్న విషయంలో ఆ సూత్రాలకే ఏకాభిప్రాయం లేదు. కొన్ని నాలుగవ నెల అన్నాయి. మరికొన్ని ఆరవది లేదా ఎనిమిదవది అన్నాయి. కనుక ఒక ముహూర్తం తప్పితే దోషమన్న భయం అవసరం లేదు.

గాజుల వేడుక దీనికి భిన్నమైనది. ఇది మంత్రాలకంటే స్త్రీల చేతుల మీదుగా సాగే లౌకికాచారం. తమిళ ఇళ్లలో మొదట వేపరెబ్బతో చేసిన కంకణాన్ని, ఆ తరువాత గాజులను తొడుగుతారు. తెలుగు ఇళ్లలో పుట్టింటివారు చలిమిడి తెచ్చి, చీరసారెలతో ఒడి నింపుతారు. చలిమిడి తింటే కడుపు చల్లగా ఉంటుందని పెద్దల నమ్మకం.

తేదీ నిర్ణయం

ఐదు, ఏడు, తొమ్మిది వంటి బేసి నెలలను ఎంచుకోవడం వాడుక. వీటిలో ఏడవ నెల చాలామందికి అనువుగా ఉంటుంది. తొలి నెలల వికారం అప్పటికి తగ్గి ఉంటుంది. చివరి నెలల ఆయాసం ఇంకా పెరగదు. తొమ్మిదవ నెలలో కాన్పు ముందుగానే వచ్చే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రక్తపోటు, రక్తస్రావం, కవలలు వంటి కారణాల వల్ల వైద్యులు విశ్రాంతి సూచించి ఉంటే, ముందుగా వారిని అడిగి, తరువాతనే పంచాంగం చూడడం మేలు.

తీరగ్రామానికి తనదైన కాలగణన ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మరపడవల చేపలవేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో మగవారు ఇంటిపట్టున ఉంటారు. కానీ చేతిలో డబ్బు ఆడదు, పైగా ఎండలు ముదురుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. మాసి మఖం నాడు వైతికుప్పం దారులు జనంతో నిండిపోతాయి. ఆనాడు గర్భిణిని వాహనంలో తీసుకువెళ్లడం కూడా కష్టం. వేసవిలో జరపక తప్పకపోతే ఉదయం పది గంటలలోగా ముగించడం ఉత్తమం.

పీట మీద కూర్చునే వ్యక్తి

ఒకరి తరువాత ఒకరు వచ్చి పసుపు, గంధం పూసి, గాజులు తొడిగి, అక్షతలు వేసి, హారతి ఇచ్చేసరికి గంటలు గడిచిపోతాయి. అంతసేపు నేలమీద పీటపై కూర్చోవడం గర్భిణికి నడుము నొప్పిని, కాళ్లవాపును తెచ్చిపెడుతుంది. వీపుకు ఆసరా ఉన్న కుర్చీ, పాదాల కింద చిన్న పీట, మధ్యమధ్య లేచి నడిచే వీలు, తాగడానికి నీరు, దగ్గరలో మరుగుదొడ్డి ఉండాలి. ఆమెను ఉపవాసం ఉంచరాదు. సాంబ్రాణి, హోమధూమం మూసిన గదిలో కమ్ముకోకుండా కిటికీలు తెరిచి ఉంచాలి.

నెలలు నిండేకొద్దీ చేతులకు నీరు పడుతుంది. అందువల్ల గాజులను మామూలు కొలతకంటే ఒక సైజు పెద్దవిగా తీసుకోవాలి. రెండు చేతులనిండా బిగుతుగా తొడగడంకంటే కొన్ని తొడిగి, మిగిలినవి ఒడిలో పెట్టడం నయం. గాజుల గలగల కడుపులోని బిడ్డకు వినిపిస్తుందని పెద్దలు అంటారు. సుమారు ఆరు నెలలు నిండాక గర్భస్థ శిశువు శబ్దాలకు స్పందిస్తుందని వైద్యశాస్త్రం కూడా చెబుతోంది.

పుట్టబోయేది ఆడపిల్లా, మగపిల్లవాడా అని జోస్యం చెప్పే ఆటలు కొన్ని వేడుకలలో కనిపిస్తాయి. గర్భస్థ శిశువు లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లోనే దేశంలో చట్టం వచ్చింది. ఆట వట్టి సరదాకే కావచ్చు. అయినా మగబిడ్డే పుట్టాలన్న మాట పదిమందిలో వినవలసి వచ్చే తల్లికి అది భారమే.

విందు

పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరి అన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి ఈ వేడుకకు పెట్టింది పేరు. వండిన అన్నం తీరప్రాంతపు ఉక్కలో త్వరగా పాడవుతుంది. రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. ఎంత చల్లారినా పరవాలేదనుకునే పులిహోరకు కూడా ఈ నియమం వర్తిస్తుంది.

గర్భధారణలో మధుమేహాన్ని గుర్తించేందుకు 24 నుంచి 28 వారాల మధ్య పరీక్ష చేస్తారు. ఏడవ నెల సీమంతం సరిగ్గా ఆ తరువాతే వస్తుంది. పరీక్ష ఫలితం తెలియకుండా ప్రతి ఒక్కరూ నోటికి మిఠాయి అందించడం మంచిది కాదు. ఇంటికి పెద్దదైన స్త్రీ ముందుగానే ఈ మాట అందరికీ చెప్పి, పండ్లముక్కలు ఉంచితే ఆచారమూ నిలుస్తుంది, తల్లికీ క్షేమం.

మాంసాహార విందు పెట్టే ఇళ్లలో నెత్తళ్లు, కవళ్లు వంటి చిన్న చేపలు గర్భిణికి మంచి పోషకాహారం. పెద్ద సొరచేపలలో పాదరసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాటికి దూరంగా ఉండాలని నిపుణుల సూచన. కాన్పు తరువాత పాలు పడతాయని సొరపిట్టు పెట్టే అలవాటు ఉన్న కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎవరి చేతులకు చోటు

ముత్తైదువులే గాజులు తొడగాలని, భర్తను కోల్పోయినవారు, సంతానం లేనివారు దూరంగా ఉండాలని కొందరు పట్టుబడతారు. సముద్రాన్ని నమ్ముకుని బతికే ఊళ్లలో ఆ సముద్రమే భర్తను తీసుకుపోయిన స్త్రీలు ఉంటారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఈ తీరంలో అటువంటి ఇళ్లు పెరిగాయి. బిడ్డను కని, ఒంటరిగా పెంచి పెద్దచేసిన తల్లి, ఆ బిడ్డ వేడుకలో వంటగది దాటి రాలేకపోవడం ఏ శాస్త్రానికీ శోభ కాదు. మొదటి గాజు ఎవరు తొడగాలో గర్భిణినే అడగడం దీనికి సులభమైన పరిష్కారం. ఆమె తన తల్లి పేరు చెబితే ఆ మాటకు ఎదురు చెప్పేవారు అరుదు.

పుట్టింటి ప్రయాణం, కాన్పు సన్నాహాలు

వేడుక ముగిశాక గర్భిణిని పుట్టింటికి తీసుకువెళ్లడం ఉభయ సంప్రదాయాలలోనూ ఉంది. వైతికుప్పం నుంచి యానాం సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం. ఇంత ప్రయాణానికి వైద్యుల అనుమతి తప్పనిసరి. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, స్కానింగ్, రక్తపరీక్షల నివేదికలు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. చేరిన వెంటనే అక్కడి ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించాలి.

రెండు వైపుల పెద్దలూ ఒకచోట కలిసే రోజు ఇదే కనుక, తాంబూలాలు ఇచ్చేముందు నాలుగు విషయాలు తేల్చుకోవడం మంచిది. కాన్పు ఏ ఆసుపత్రిలో? రాత్రివేళ నొప్పులు వస్తే వాహనం ఎవరిది? ఆమె రక్తం గ్రూపు ఏది, అవసరమైతే రక్తం ఇచ్చేదెవరు? ఖర్చుకు ఎంత పక్కన పెట్టారు? అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాయడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగరాదు.

ప్రభుత్వ పథకాలు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే గర్భిణులకు 180 రోజులపాటు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలను ఉచితంగా ఇస్తున్నారు. ప్రతినెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ కేంద్రాలలో ఉచిత పరీక్షలు జరుగుతాయి. ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద అర్హులైనవారికి తొలి కాన్పుకు 5,000 రూపాయలు, రెండవ బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు లభిస్తాయి. 2018లో ఆరంభమైన పోషణ్ అభియాన్‌లో భాగంగా అంగన్‌వాడీలలో సామూహిక సీమంతాలు కూడా నిర్వహిస్తున్నారు. ఖర్చు భరించలేని కుటుంబాలు అప్పు చేయనవసరం లేకుండా అక్కడే వేడుక జరుపుకోవచ్చు.

పందిరి చిన్నదైనా, గాజులు మట్టివైనా సీమంతానికి లోటు లేదు. వేడుక ముగిసేసరికి తల్లి అలసిపోకుండా, కాన్పు నాడు తనకు ఎవరెవరు తోడు ఉంటారో తెలుసుకుని, నిశ్చింతగా లేవగలిగితే ఆ సీమంతం సఫలమైనట్లే.