డొమైన్ పేరు బదిలీ – వినియోగదారు హక్కులు

ఇంటర్నెట్‌లో ఒక దుకాణానికో సంస్థకో ఉన్న చిరునామాను ఒక రిజిస్ట్రార్ నుంచి మరో రిజిస్ట్రార్‌కు మార్చుకోవడాన్ని డొమైన్ బదిలీ అంటారు. ఏటా రుసుము తీసుకుని ఆ పేరును నమోదులో ఉంచే కంపెనీయే రిజిస్ట్రార్. రుసుము పెంచినా, సేవ బాగాలేకపోయినా, పేరు వదులుకోకుండానే కంపెనీని మార్చుకునే హక్కు ఆ పేరు ఎవరి మీద నమోదైందో వారికి ఉంటుంది. హైదరాబాద్‌లో ఈ హక్కుకు భంగం కలిగినవారు ఫిర్యాదు పట్టుకుని వెళ్లవలసిన చోటు నాంపల్లి. జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్లు అక్కడి ఎం.జె. రోడ్డులో, చంద్రవిహార్ కాంప్లెక్స్‌లో ఉన్నాయి.

పేరు ఎవరి మీద ఉంది?

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం పేరే హైదరాబాద్‌లోని ఆబిడ్స్‌కు స్థిరపడింది. దుకాణం పోయినా పేరు పోలేదు. ఇప్పుడు అదే ఆబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్‌లో, గన్‌ఫౌండ్రీలో వ్యాపారం చేసుకునే చిన్న దుకాణదారుకు బోర్డు మీది పేరు ఎంత ముఖ్యమో, డాట్ కామ్ పేరు కూడా అంతే ముఖ్యం. అయితే చిన్న వ్యాపారి నేరుగా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లడం తక్కువ. వెబ్‌సైట్ చేసిపెట్టే మనిషికి డిజైన్, హోస్టింగ్, డొమైన్ అన్నీ కలిపి ఒక ప్యాకేజీగా డబ్బు కట్టేస్తాడు. బిల్లు మీద ‘వెబ్‌సైట్ – ఒక సంవత్సరం’ అని ఒకే పద్దు ఉంటుంది. రిజిస్ట్రార్ రికార్డులో యజమాని గడిలో డిజైనర్ తన పేరు, తన ఈమెయిల్ రాసుకుంటే, డబ్బు కట్టిన వ్యాపారి ఎవరో రిజిస్ట్రార్‌కు తెలియదు. ఈ వ్యాసంలో చెప్పే బదిలీ హక్కులన్నీ ఆ ఒక్క గడి మీదే ఆధారపడి ఉన్నాయి.

రికార్డులో ఏముందో తెలుసుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ నిబంధన ప్రకారం, గడువు తీరడానికి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఇంకోసారి రిజిస్ట్రార్ యజమానికి గుర్తుచేయాలి. ఆ రెండు మెయిళ్లూ మీకు రావడం లేదంటే ఇంకెవరికో వెళుతున్నాయేమో వెంటనే ఆరా తీయాలి.

బదిలీ జరిగే తీరు

డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ వంటి పేర్లకు ఐకాన్ బదిలీ విధానం 2004 నవంబరు 12 నుంచి అమలులో ఉంది. యజమాని ముందుగా పేరు మీది తాళం తీయించుకోవాలి, తర్వాత బదిలీ కోడ్ తీసుకోవాలి. అక్షరాలూ అంకెలూ గుర్తులూ కలగలిసిన ఈ కోడ్‌ను కొత్త రిజిస్ట్రార్‌కు ఇస్తే పని మొదలవుతుంది. యజమాని స్వయంగా తీసుకునే వీలు కల్పించకపోతే, అడిగిన 5 రోజుల్లోగా పాత రిజిస్ట్రార్ కోడ్ ఇచ్చి తీరాలి. బదిలీ అభ్యర్థన అందాక 5 రోజుల్లో పాత రిజిస్ట్రార్ జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. బదిలీతో పేరు గడువు మరో ఏడాది పెరుగుతుంది; మొత్తం 10 ఏళ్లు దాటకూడదు.

తాళం అనవసరమైన అడ్డంకి కాదు; యజమానికి తెలియని బదిలీని ఆపడానికే అది ఉంది. న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సేవా సంస్థ పేరును 2005 జనవరిలో యజమానికి తెలియకుండానే వేరే రిజిస్ట్రార్‌కు మార్చేశారు.

కొత్తగా నమోదైన పేరునూ, ఇటీవలే బదిలీ అయిన పేరునూ బదిలీ చేయకుండా రిజిస్ట్రార్ 60 రోజుల దాకా ఆపవచ్చు. యజమాని పేరు మార్చినప్పుడు కూడా 60 రోజుల తాళం పడుతుంది; రిజిస్ట్రార్ వీలు కల్పిస్తే ముందుగానే వద్దని చెప్పుకోవచ్చు. మోసం జరిగినట్టు ఆధారాలున్నా, గడిచిన కాలానికి నమోదు రుసుము బాకీ ఉన్నా కాదనవచ్చు. రాబోయే ఏడాది రుసుము కట్టలేదని మాత్రం ఆపడానికి వీల్లేదు. ఆబిడ్స్ వ్యాపారికి అన్నిటికన్నా అక్కరకొచ్చే నిబంధన మరొకటి: యజమాని తన పేరుకు డబ్బు కట్టి ఉంటే, మధ్యలోని ఏజెంటు రిజిస్ట్రార్‌కు బాకీ పడ్డాడన్న కారణంతో బదిలీ నిరాకరించకూడదు. ఇలాంటి నిరాకరణపై ఐకాన్‌కు నేరుగా ఫిర్యాదు చేయవచ్చు.

డాట్ ఇన్ పేర్ల సంగతి వేరు. వాటిని 2003లో ఏర్పడిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ, నిర్వహిస్తుంది. అక్కడా బదిలీకి కోడ్ కావాలి, కానీ ఫిర్యాదు నిక్సీకే చేసుకోవాలి.

భారతీయ చట్టం

డొమైన్ పేరు విలువను మన సుప్రీంకోర్టు గట్టిగా గుర్తించిన కేసుకు హైదరాబాద్‌తో సంబంధం ఉంది. ఇక్కడి సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే, తన ‘సిఫీ’ పేరును పోలిన పేరు పెట్టుకున్న సిఫీనెట్ సొల్యూషన్స్‌పై దావా వేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టు, డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లక్షణాలు ఉండవచ్చని, దానికీ చట్టరక్షణ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అది ఇద్దరు వ్యాపారుల మధ్య తగాదా. వినియోగదారు, సేవా కంపెనీల మధ్య తగాదాకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది.

డబ్బు తీసుకుని సేవలో లోపం చేస్తే ఈ చట్టం వర్తిస్తుంది. చిక్కంతా ‘వాణిజ్య ప్రయోజనం’ అన్న మాట దగ్గర వస్తుంది: వ్యాపారం కోసం సేవ పొందినవారు వినియోగదారు కారు. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే వస్తువులు కొని వాడుకునేవారికి చట్టమే మినహాయింపు ఇచ్చింది, అందులో సేవల మాట లేకపోయినా. ఒక్కడే నడుపుకునే కళ్లజోళ్ల దుకాణం ఈ మినహాయింపు కోరి చూడవచ్చు, నాలుగు బ్రాంచీల షోరూమ్‌కు అది కష్టం. ఫిర్యాదు మొదటి పేరాలోనే బతుకుదెరువు సంగతి రాయడం మంచిది. ఎదుటిపక్షం మొదట పట్టుకునేది దాన్నే.

కంపెనీ ఎక్కడున్నా, ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసుకునే చోట కేసు వేయవచ్చు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే ఒప్పందమే అన్యాయమైనదని వాదించాలంటే జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఇక్కడ కార్యాలయమే లేని విదేశీ కంపెనీపై ఆదేశం వచ్చినా అమలు చేయించడం కష్టం. డబ్బు తీసుకున్న స్థానిక డిజైనర్‌ను కూడా ప్రతివాదిగా చేర్చడం అందుకే అవసరం.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో రసీదు ఇవ్వాలి, నెలలోగా పరిష్కరించాలి. కేసుకు ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. బిల్లు, కోడ్ అడిగిన మెయిల్, నిరాకరించిన జవాబు వెంట ఉండాలి. వివాదం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్ల లోపు ఫిర్యాదు దాఖలు చేయాలి.