గల్లీలో పట్టిన కారు

హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో దానికి ఆర్డరిచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. బండి నగరానికి చేరేసరికి గద్దె మీద ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఉన్నారు. ఒకరు ముచ్చటపడి చెప్పి చేయించుకున్న కారు మరొకరి చేతికి వచ్చింది. ప్యాలెస్ గేటు దాటి శాలిబండ, మొఘల్‌పురా, యాకుత్‌పురా గల్లీల్లోకి వెళ్తే గోడవారగా నిలబెట్టిన ఎన్నో చిన్న కార్ల కథ కూడా ఇదే. ఒకరు కొన్నారు, ఇంకొకరు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిప్పుతున్నారు.

పాత బండి బేరం కారు కన్నా చాలా పాతది. పశువుల సంతలో ఎద్దు పళ్లు చూసి వయసు కట్టేవారు. నాలుగడుగులు నడిపించి కాలు చూసేవారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. కారు బేరంలోనూ వరస మారలేదు. పళ్ల బదులు మీటర్ రీడింగ్, నడక బదులు ట్రయల్. మీటర్ వెనక్కి తిప్పేవాళ్లున్నారు కాబట్టి తెలిసినవాళ్లు టైరు పక్కన అచ్చొత్తిన నాలుగంకెలు చూస్తారు. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. బ్రేకు పెడల్ మీద రబ్బరు అరిగి నున్నబడిందా అనీ చూస్తారు. పదిహేను వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండికి పెడల్ అంతగా అరగదు.

ఆ బేరంలో వినపడే మాటల్లోనే పాతబస్తీ చరిత్ర ఉంది. మధ్యవర్తిని దలాల్ అంటారు. అది అరబ్బీ నుంచి వచ్చింది, మన తెలుగు దళారీ కూడా దాని రూపమే. ముందుగా చేతిలో పెట్టే సొమ్ము బయానా. దాని మూలంలో ఉన్న ‘బై’ అంటే అరబ్బీలో అమ్మకం. బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు వినే మిస్త్రీ పేరు పోర్చుగీసుల నుంచి వచ్చింది. ఇక డిక్కీ. గుర్రపు బగ్గీల వెనక నౌకర్లు కూర్చునే చిన్న సీటును ఇంగ్లీషువాళ్లు డిక్కీ అనేవారు. ఇంగ్లండులో కారు సామాన్ల అరకు మరో పేరు వచ్చింది, మన దగ్గర డిక్కీయే నిలిచిపోయింది. విడిగా తోక లేని హ్యాచ్‌బ్యాక్‌కు కూడా మనం డిక్కీ అనే అంటాం.

హ్యాచ్‌బ్యాక్ అంటే వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచే కారు. వెనక సీటు మడిస్తే సామాను, లేపితే మనుషులు. 1961లో ఫ్రాన్స్‌లో వచ్చిన రెనో 4 ఈ ఏర్పాటును సామాన్యుల ఇళ్లకు చేర్చింది. మన దేశంలో ఆ పని చేసింది మారుతి 800. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కొనుగోలుదారు హర్‌పాల్ సింగ్‌కు తాళాలు అందించారు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. ధర 50 వేల రూపాయల లోపు. పదివేలు కట్టి లక్షమందికి పైగా బుక్ చేసుకున్నారు. కొత్తది చేతికి రావడానికి ఏళ్లు పట్టే రోజుల్లో పాత కారు తక్కువరకం సరుకు కాదు, వెంటనే దొరికే సరుకు. ఇవాళ సెకండ్ హ్యాండ్ అంటే ముఖం చిట్లించేవారికి ఈ సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది.

పాతబస్తీకి 800 అంతగా నప్పడానికి నాకు కనిపించే కారణం దాని కొలతలు. పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.44. అంబాసిడర్ అంతకన్నా దాదాపు ఒక మీటరు పొడవు, జానెడు వెడల్పు ఎక్కువ. టాంగాలకూ రిక్షాలకూ సరిపోయిన గల్లీలో ఆ జానెడే ఇంటి ముందు ఆగడమా, మెయిన్ రోడ్డు మీద ఆగడమా అన్నది తేలుస్తుంది. పెళ్లికి బురఖాలతో, పసిపిల్లలతో, బిర్యానీ గిన్నెతో బయల్దేరే కుటుంబానికి గడప దగ్గరే ఎక్కగలగడం చిన్న సుఖం కాదు.

1993లో జెన్, 1998లో శాంత్రో, ఇండికా, ఆ తర్వాత వ్యాగన్ఆర్, ఆల్టో, 2005లో స్విఫ్ట్ వచ్చాయి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా నగరంలో ఎవరో ఒకరు పాతది అమ్మారు, అది మూసీ దాటి ఇటు వచ్చింది. 2010 ఏప్రిల్ 1న హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో ఇక్కడ కొత్త 800 అమ్మకం ఆగిపోయింది. ఆ రోజు నుంచి హైదరాబాదీకి 800 అంటే సెకండ్ హ్యాండే. 2014 జనవరిలో కంపెనీ దాని తయారీనే ఆపేసింది.

ఇంజన్‌ను మిస్త్రీ బాగుచేస్తాడు, సొట్టలు టింకరింగ్ షాపులో పోతాయి. బాగుకానిది కాగితం ఒక్కటే. కొత్తగా కొనేవారి పేరు రాయకుండా సంతకాలు మాత్రమే పెట్టిన యాజమాన్య బదిలీ ఫారాలు 29, 30 బండితోపాటు చేతులు మారుతూ పోవడం దేశమంతటా ఉన్న జబ్బు. కొన్నవాడికి ఫీజు మిగులుతుంది, దలాల్‌కు మళ్లీ అమ్మడం తేలికవుతుంది. నష్టం అమ్మిన అమాయకుడిది. ఇలాగే చేతులు మారిన ఓ కారు ప్రమాదం చేసి ఒక ప్రాణం తీసింది. ఆ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వారే యజమాని, పరిహారం భారం వారిదే. కారు అమ్మి ఏళ్లయిన మనిషి మీద ఆ భారం పడింది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ యాజమాన్య బదిలీని తెలియజేయడానికి అమ్మినవారికి 14 రోజులు, కొన్నవారికి 30 రోజులు గడువిచ్చింది. ఆ పని చేయించకుండా తాళం ఇచ్చేవారు తమ ఇంటిని తాకట్టు పెట్టినట్టే అని నా అభిప్రాయం.

ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 5 వేలకు పెరిగింది. హైదరాబాద్‌లో 2010 మార్చిలో రిజిస్టరైన చివరి 800లకు కూడా ఆ 15 ఏళ్లు 2025 మార్చితో నిండాయి. పాతబస్తీలో ఇవాళ ఎవరైనా ఏపీ 12 నంబరు ప్లేటున్న 800 చూపిస్తే బయానా ఇచ్చేముందు ఆర్సీ అడగండి. గడువు తేదీ చూడండి, చాసిస్ నంబరు బండి మీదున్నదాంతో సరిపోల్చుకోండి, ఆర్సీలో ఉన్న మనిషి ఎదురుగా వచ్చి సంతకం పెట్టేదాకా మిగతా డబ్బు జేబులోనే ఉంచుకోండి.