బ్యాటరీ లేని స్టిక్కరు మాట్లాడే భాష

పటాన్‌చెరు కర్మాగారముల నుండి సరకు నింపుకొని జహీరాబాదు వైపు సాగే లారీ, 65వ జాతీయ రహదారిపై కంకోల్ టోలుగేటు వద్ద కొంచెము నెమ్మదిస్తుంది. ముందు అద్దమునకు అంటించిన ఫాస్టాగ్ స్టిక్కరు తన సంఖ్య చెప్పగానే గేటు లేస్తుంది. ఆ స్టిక్కరులో బ్యాటరీ లేదు. మరి అది ఎట్లు మాట్లాడుచున్నది?

అద్దపు ముక్కతో ఎండను గోడమీద ఆడించని పిల్లలు ఉండరు. వెలుగు సూర్యునిది, త్రిప్పే చేయి మాత్రమే మనది. స్టిక్కరు చేసే పని ఇదే. గేటువద్ద నున్న రీడరు రేడియో తరంగమును పంపుతుంది. స్టిక్కరులోని చిప్ ఆ తరంగము నుండే శక్తి గ్రహించి, తన ఆంటెన్నా స్థితిని మార్చుచు, దానిని ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా ప్రతిఫలింపజేస్తుంది.

ప్రతిఫలించిన శక్తితో వార్తలు పంపవచ్చునని హారీ స్టాక్‌మన్ 1948లో ఒక వ్యాసములో వివరించినాడు. 1975లో అమెరికాలోని లాస్ అలమోస్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితో దూరమునుండి గుర్తింపు సంఖ్యను చదివే విధానమును ప్రకటించినారు. 2004లో ‘జెన్-2’ అనే ప్రమాణము ఏర్పడినది. మన ఫాస్టాగ్ దానినే అనుసరిస్తున్నది. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల టోలుగేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి అయినది.

ఈ ప్రమాణమును కూర్చినవారికి రెండు చిక్కులు ఎదురైనవి. మొదటిది ఆకలి. ‘సున్న’ అనుటకు రీడరు తరంగమును ఆపివేసినచో, వరుసగా సున్నలు వచ్చినప్పుడు చిప్‌కు శక్తి అందదు. కనుక తరంగమును ఎప్పుడును క్షణకాలము మాత్రమే ఆపుదురు. రెండు విరామముల నడుమ కాలము తక్కువైతే 0, ఎక్కువైతే 1. ఏది చెప్పినను చిప్‌కు ఆహారము అందుచునే యుండును.

రెండవది వినికిడి. దూరము రెట్టింపైతే తిరిగివచ్చే శక్తి పదహారవ వంతుకు పడిపోవును. రీడరు తన పెద్ద గొంతు నడుమనే ఈ గుసగుసను వినవలెను. అందుకై స్టిక్కరునకు రెండు రీతులు నేర్పినారు. ‘ఎఫ్‌ఎమ్-0’ రీతిలో ప్రతి బిట్టు మొదట స్థితి మారును. 0 అయినచో నడుమ మరొకసారి మారును. ఇది వేగమైనది. ‘మిల్లర్’ రీతిలో ఒక్కొక్క బిట్టును 2, 4 లేక 8 ఆవృత్తులపై పరచి చెప్పుదురు. అందుచేత గుసగుస పెద్ద గొంతు పౌనఃపున్యమునకు దూరముగా జరిగి స్పష్టముగా వినబడును. కాని ఎనిమిది ఆవృత్తులైనచో కాలము ఎనిమిది రెట్లు పట్టును.

వేగమా, స్పష్టతయా? ఈ నిర్ణయము స్టిక్కరుది కాదు. ఏ రీతిలో బదులు చెప్పవలెనో రీడరే తన ప్రశ్నలో తెలుపును. లెక్కలు, శ్రమ, విద్యుత్తు ఖర్చు అన్నియు బలమున్న రీడరు మోయుటవల్లనే, బ్యాటరీ లేని పలుచని స్టిక్కరు ఇంతపని చేయగలుగుచున్నది.

ఉపాధ్యాయులు ఎండలో ఒక అద్దముతో ఈ రెండు రీతులను గోడమీద చూపవచ్చును. ఒకే సంఖ్యను ముందు త్వరగా, పిదప ఒక్కొక్క బిట్టును ఎనిమిది మెరుపులుగా పంపి, విద్యార్థులు దేనిని తప్పు లేకుండ వ్రాసికొందురో చూడుడు.