రాయల చెరువులు, తుంగభద్ర నీరు

గోరేబాళ పరిసరాల తెలుగు కుటుంబాల చరిత్ర తుంగభద్ర ఎడమ కాలువతో ముడిపడి ఉన్నది. 1945లో ఆరంభమైన ఆనకట్ట 1953లో నీరివ్వగా, కోస్తా రైతులు అనేకులు ఈ నల్లరేగడి నేలలకు తరలివచ్చి క్యాంపులు కట్టుకొని వరి పండించారు. అయితే ఈ నదీతీరాన నీటిని నిలిపిన చరిత్ర అంతకు ఎంతో పూర్వపుది.

1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు రెండు కొండల నడుమ నిర్మింపజేస్తున్న చెరువును చూశాడు. అచ్చట పదిహేను, ఇరవై వేలమంది పనిచేస్తున్నారని ఆయన అంచనా. ఆ కట్ట రెండు మూడుసార్లు తెగినదనికూడా వ్రాశాడు. రాయల వైభవాన్ని కీర్తించేవారు ఈ మాటను తరచు దాటవేస్తారు. కాని చెరువు నిర్మాణంలోని కష్టమంతా అందులోనే ఉన్నది. బండరాళ్ళపై పడిన వాన ఇంకదు, ఒక్క ఉదుటున దిగువకు దూకుతుంది. దానిని ఆపడానికి కట్ట ఎంత అవసరమో, మిగులునీరు పోవడానికి అలుగు అంతే అవసరం.

హంపీలో రాజప్రాసాదాల ఆవరణలోని మెట్ల కోనేరు 1980లలో త్రవ్వకాలలో బయల్పడింది. దాని నల్లరాళ్ళపై ఏ రాయి ఏ వరుసలోనిదో తెలిపే గుర్తులున్నవి. నీరు రాతికాలువ ద్వారా వచ్చేది. నాటి నదీకాలువలు కొన్ని నేటికీ పొలాలకు పారుతున్నవి. ఆసియా అభివృద్ధి బ్యాంకు సహాయంతో వాటి ఆధునికీకరణను కర్ణాటక ప్రభుత్వం చేపట్టింది. కాంక్రీటు వేస్తే నీటి వృథా తగ్గుతుంది, నిజమే. కాని కాలువ ఊట ఆగితే ప్రక్కనున్న బావులు, చిత్తడి నేలలు ఏమి కావాలి? చివరి మడికి నీరందక బాధపడిన రైతుకు ఈ ప్రశ్న అంత సులభంగా రుచించదు.

కొత్త జలాశయానికీ పాత చెరువుల రోగమే పట్టింది. తొలుత 132 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టిన తుంగభద్రలో పూడిక చేరి, సామర్థ్యం సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగినప్పుడు, వారం రోజులలో తాత్కాలిక తలుపు అమర్చేవరకు ఆయకట్టు రైతులకు కంటిమీద కునుకు లేదు.

అదే సంవత్సరం ఆరంభంలో హగరిబొమ్మనహళ్ళి తాలూకాలోని అంకసముద్ర చెరువుకు రామ్‌సర్ చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. వైశాల్యం 98.76 హెక్టార్లు. ముప్పైవేలకు పైగా నీటిపక్షులు అచ్చట గూళ్ళు కట్టుకొని విశ్రమిస్తున్నవి. శతాబ్దాల క్రిందట ఆ చెరువును కట్టినది మాత్రం పక్షులకోసం కాదు, ఊరి పొలాల తడికోసం.