కాలిబాటలు, సైకిల్ దారులకు మున్సిపల్ నిధులు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో నడిచేవాళ్ల కోసం, సైకిల్ తొక్కేవాళ్ల కోసం స్థానిక సంస్థలు పెట్టిన ఖర్చు చరిత్ర ఇది. మూడూ ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు జగిత్యాల, కోరుట్ల కొత్త జగిత్యాల జిల్లాలోకి, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వెళ్లాయి. ఇలాంటి పట్టణాల్లో కాలిబాట తన పేరు మీద మంజూరై వచ్చింది తక్కువ. మోరీ మీద మూతగానో, చెరువు కట్ట మీద టైల్స్‌గానో, పార్కు చుట్టూ వాకింగ్ ట్రాక్‌గానో, వేరే పనికి వచ్చిన పైసలతో వచ్చింది. సైకిల్ దారికి ఆ ఆసరా కూడా అరుదే.

నడిచే ఊళ్లు

సిరిసిల్ల మరమగ్గాల ఊరు. జగిత్యాల, కోరుట్లల్లో ఆడవాళ్లకు బీడీల పని పెద్ద ఆధారం, సిరిసిల్లలోనూ అంతే. చుట్టిన బీడీ కట్టలను కార్ఖానాలో అప్పజెప్పి, ఆకు, తంబాకు తీసుకుని ఇంటికి రావాలి. ఈ రాకపోకల్లో చాలా భాగం కాలినడకే. మగ్గాల షెడ్లకు పొద్దుటి షిఫ్టుకు, రాత్రి షిఫ్టుకు వెళ్లే కార్మికులకు బండ్లు రాకముందు సైకిలే వాహనం.

పనికి ఎట్లా వెళ్తారన్న ప్రశ్నను మన జనగణన 2011లో అడిగింది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్లలో దేశం మొత్తం మీద దాదాపు 23 శాతం నడిచి, 13 శాతం సైకిల్ మీద వెళ్తున్నారని తేలింది. ఇంటి పరిశ్రమల వాళ్లను ఈ ప్రశ్నే అడగలేదు గనుక ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ల నడక చాలావరకు ఆ లెక్కకు ఎక్కలేదు. లెక్కకు ఎక్కని నడకకు ఎస్టిమేటు వేసేవాళ్లూ ఉండరు.

అణా సెస్సు, సైకిల్ బిళ్ల

నిజాం పాలనలో జగిత్యాల, సిరిసిల్ల రెండూ ఎలగందుల జిల్లా తాలూకాలు. 1905 పునర్వ్యవస్థీకరణలో ఆ జిల్లా కరీంనగర్ జిల్లా అయింది. భూమి శిస్తు మీద రూపాయికి అణా చొప్పున వసూలు చేసిన లోకల్ సెస్సే అప్పటి స్థానిక నిధి. బాటలు, బావులు, బడులు దానిలోంచే. బాట అంటే బండ్ల బాట. మనిషి నడకకు వేరే దారి కావాలన్న ఆలోచన ఆ రోజుల్లో రావాల్సిన పనీ లేదు, ఎందుకంటే దారంతా నడిచేవాళ్లదే.

హైదరాబాద్ రాష్ట్రంలో 1951లో మున్సిపల్, టౌన్ కమిటీల చట్టం, 1956లో జిల్లా మున్సిపాలిటీల చట్టం వచ్చాయి. ఆంధ్ర ప్రాంతంలో అమల్లో ఉన్న 1920 నాటి మద్రాసు చట్టాన్నీ, ఈ 1956 చట్టాన్నీ తీసేసి రెండు ప్రాంతాలకూ కలిపి తెచ్చింది ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం, 1965.

ఆ కాలంలో తెలుగునాట సైకిల్ కూడా పన్ను కట్టింది. ఏటా మున్సిపాలిటీకో పంచాయతీకో రుసుం చెల్లిస్తే ఒక రేకు బిళ్ల ఇచ్చేవాళ్లు. దాన్ని సైకిల్‌కు బిగించుకోవాలి. బిళ్ల లేని సైకిల్‌ను బిల్లు కలెక్టరు దారిలోనే ఆపిన సంగతి పాతవాళ్లకు గుర్తే. మోటారు వాహనాల పన్ను మాత్రం 1963 చట్టం కింద నేరుగా రాష్ట్ర ఖజానాకు పోయింది. అంటే ఊరి ఖజానాకు ఏటేటా నేరుగా పన్ను కట్టిన వాహనాల్లో సైకిల్ ఒకటి. ఆ పైసలతో సైకిల్‌కంటూ ఒక గీత కూడా గీసింది లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిల్ ట్రాక్‌ల కొలతలతో ఐఆర్‌సీ 11 ప్రమాణాన్ని అచ్చువేసింది. చిన్న పట్టణాల ఇంజినీరింగ్ విభాగాల్లో దాన్ని తెరవాల్సిన అవసరమే రాలేదు. ఇప్పుడు సైకిల్ పన్ను వసూలు చేసేవాళ్లు లేరు, సైకిల్‌ను లెక్కలోకి తీసుకునేవాళ్లూ లేరు.

రాజ్యాంగం ఇచ్చిన పని, ఆర్థిక సంఘాలు ఇచ్చిన పైసలు

1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు 18 అంశాల జాబితా ఇచ్చింది. అందులో రహదారులు, వంతెనలు ఉన్నాయి. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్‌స్టాపులు పేరుపేరునా ఉన్నాయి. బండి ఆపుకునే చోటుకు దక్కిన మాట మనిషి నడిచే చోటుకు దక్కలేదు.

ఆ లోటును కొంత తీర్చింది పద్నాలుగో ఆర్థిక సంఘం. తెలుగువాడైన వై.వి. రెడ్డి దీని అధ్యక్షుడు. 2015 నుంచి 2020 దాకా పట్టణాలకు ఇచ్చిన మౌలిక గ్రాంటును ఏయే పనులకు వాడవచ్చో చెబుతూ మంచినీళ్లు, పారిశుద్ధ్యం, శ్మశానాలతో పాటు రోడ్లు, ఫుట్‌పాత్‌ల నిర్వహణ అని విడిగా రాసింది. ఫుట్‌పాత్ అన్న మాట ఢిల్లీ నుంచి చిన్న మున్సిపాలిటీ పద్దుల దాకా అధికారికంగా దిగి వచ్చిన సందర్భం ఇది. తర్వాతి పదిహేనో ఆర్థిక సంఘం పద్ధతి మార్చింది. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసి, 40 శాతాన్నే కౌన్సిల్ ఇష్టానికి వదిలింది. సీసీ రోడ్లు, మోరీలు, వీధి దీపాలు, కుక్కల బెడద అన్నీ ఆ 40 శాతం మీదే పడతాయి. కాలిబాట వంతు వచ్చేసరికి పద్దులో మిగిలేది ఏమీ ఉండదు.

లక్ష జనాభా గీత

ఈ చరిత్రలో అసలు మలుపు 2015 జూన్ 25న మొదలైన కేంద్ర ప్రభుత్వ అమృత్ పథకం. ఫుట్‌పాత్‌లు, పాదచారుల వంతెనలు, మోటారు లేని రవాణా సౌకర్యాలు దాని లక్ష్యాల్లో స్పష్టంగా ఉన్నాయి. అయితే ప్రధానంగా లక్ష జనాభా దాటిన నగరాలకే పథకం. తెలంగాణలో 12 నగరాలు ఎంపికయ్యాయి. కరీంనగర్, రామగుండం, నిజామాబాద్, సిద్దిపేట వాటిలో ఉన్నాయి. 2011 లెక్కల్లో జగిత్యాల మున్సిపాలిటీ జనాభా 96 వేల పైచిలుకు. కొద్దిలో తప్పిపోయింది. 66 వేల పైచిలుకు జనాభాతో కోరుట్ల, జగిత్యాల కన్నా చిన్నదైన సిరిసిల్ల ఆ దరిదాపుల్లోకీ రాలేదు.

2021 అక్టోబరులో వచ్చిన అమృత్ 2.0 చట్టబద్ధ పట్టణాలన్నిటికీ తలుపు తెరిచింది గానీ ఈసారి దృష్టంతా నీటి సరఫరా, మురుగునీరు, చెరువుల పునరుద్ధరణ మీదే. చిన్న ఊళ్లు లోపలికి అడుగుపెట్టే వేళకు ఫుట్‌పాత్‌లు జాబితాలోంచి బయటికి వెళ్లిపోయాయి. దీన్ని కుట్ర అనక్కర్లేదు, కానీ న్యాయం అని కూడా అనలేం. నడిచేవాళ్ల పాలు ఎక్కువగా ఉండే చిన్న పట్టణానికి నడక నిధి అందకపోవడం పథకం రూపకల్పనలోని లోపమే.

మోరీ మీది బాట

నిధి లేకున్నా ఫుట్‌పాత్ అయితే కనిపిస్తుంది కదా అనవచ్చు. అది ఎలా వస్తుందో దగ్గరగా చూడాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇరువైపులా మోరీ కడతారు. మోరీ మీద కాంక్రీటు స్లాబులు పరుస్తారు. ఎస్టిమేటులో అసలు పని డ్రెయిను, స్లాబు దాని మూత. ఆ మూతే ప్రజల నోట ఫుట్‌పాత్ అవుతుంది. పూడిక తీయడానికి ఎత్తిన స్లాబు మళ్లీ సరిగ్గా కూర్చోదు. దుకాణందారు తన షట్టర్ ఎత్తుకు సరిపడా ర్యాంపు పోసుకుంటాడు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె కూడా అక్కడే. చివరికి మనిషి రోడ్డు మీదికే దిగుతాడు.

పాదచారుల సౌకర్యాల మీద 1988లో వచ్చి 2012లో సవరణ పొందిన ఐఆర్‌సీ 103 ప్రమాణం అడ్డంకి లేని కనీస వెడల్పు 1.8 మీటర్లు ఉండాలని, మార్కెట్ వీధుల్లో అంతకన్నా ఎక్కువ కావాలని చెబుతుంది. రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా దాటిపోవాలంటే అంత జాగా కావాలి. మూడడుగుల మోరీకి ఆ వెడల్పు ఎక్కడి నుంచి వస్తుంది?

జగిత్యాల, కోరుట్లలకు ఇంకో చిక్కు ఉంది. నిజామాబాద్ నుంచి ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాల, జగదల్‌పూర్ వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారి వీటిని తాకుతూ పోతుంది. పాత లెక్కల్లో ఇది 16వ నంబరు. రహదారి ఒక శాఖది, పక్క మోరీ, దీపాలు, చెత్త మున్సిపాలిటీవి. రెండింటి నడుమ ఉండాల్సిన కాలిబాట ఎవరి పద్దులోనూ స్థిరపడదు.

చెరువు కట్టలు, పార్కులు

నడకకు నిజంగా పైసలు వచ్చింది చెరువుల మీదుగానే. 2015 మార్చిలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో నియోజకవర్గానికి ఒక చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దాలని ప్రభుత్వం తలపెట్టింది. కట్ట వెడల్పు చేసి, రెయిలింగు, దీపాలు, బెంచీలు పెట్టి నడిచేందుకు వీలు కల్పించడం అందులో భాగం. నిధులు ఇరిగేషన్ శాఖవి, తర్వాతి నిర్వహణ తరచుగా మున్సిపాలిటీది. సిరిసిల్ల కొత్త చెరువు కట్ట ఈ తరహా సుందరీకరణకు దగ్గరి ఉదాహరణ.

2019 జులైలో శాసనసభ ఆమోదించిన తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి తప్పనిసరి చేసింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరు. ఇంత గట్టి నిబంధన నడకకు లేదు. దీంతో పట్టణ ప్రకృతి వనాల్లో నడక దారులు వచ్చాయి, రోడ్ల పక్కన మాత్రం కొన్నిచోట్ల ట్రీ గార్డులే మనిషికి అడ్డం వచ్చాయి. ఇదే చట్టం 75 గజాల లోపు ఇంటికి ఏడాదికి రూ. 100 ఆస్తి పన్ను చాలంది. చిన్న ఇళ్లలో ఉండే కార్మికులకు అది మేలు. మున్సిపాలిటీ సొంత రాబడికి మాత్రం అదొక పరిమితి.

2020 ఫిబ్రవరి 24న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పట్టణ ప్రగతి కార్యక్రమంతో నెలనెలా గ్రాంటు రావడం మొదలైంది. రాష్ట్రం మొత్తానికి నెలకు రూ. 148 కోట్లు ప్రకటించారు. అందులో పెద్ద వాటా హైదరాబాద్‌ది. మిగతా ఊళ్లలో ఆ పైసలు చెత్త బండ్లకు, నర్సరీలకు, వైకుంఠధామాలకు పోయాయి.

కట్ట మీద పొద్దున వాకింగ్ చేసేవాళ్లకు దారి దొరికింది. ఆరోగ్యం కోసం నడిచేవాళ్లకు దొరికినంత దారి పని కోసం నడిచేవాళ్లకు దొరకలేదు.

ఇరుగుపొరుగు

2017 జూన్‌లో స్మార్ట్ సిటీగా ఎంపికైన కరీంనగర్‌లో ప్రధాన రోడ్లకు ఫుట్‌పాత్‌లు వచ్చాయి. కేంద్రం 2020లో పెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో గెలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి, బహుమతి రూ. కోటి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున సోలార్ పైకప్పుతో 4.5 మీటర్ల వెడల్పు సైకిల్ ట్రాక్ కట్టారు. 2023 అక్టోబరు 1న దాన్ని ప్రారంభించిన అప్పటి మున్సిపల్ మంత్రి కె. తారక రామారావు సిరిసిల్ల శాసనసభ్యుడే. ఇవేవీ చిన్న మున్సిపాలిటీ సొంత రాబడితో అయ్యే పనులు కావు.

మార్గం చూపింది చెన్నై. అక్కడి కార్పొరేషన్ 2014లో మోటారు లేని రవాణా విధానాన్ని ఆమోదించి, రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడకకు, సైకిల్‌కు కేటాయించాలని తీర్మానించుకుంది. అమలు ఎగుడుదిగుడుగా సాగినా ముందు పద్దు రాసుకుంది. పచ్చదనానికి 10 శాతం రాసుకోగలిగిన రాష్ట్రంలో నడకకు 5 శాతమైనా రాసుకోలేరా అన్నది న్యాయమైన ప్రశ్నే.

బండ్లవాళ్లు, కోర్టులు

ఫుట్‌పాత్ మాట రాగానే తోపుడు బండ్లను ఎత్తేయడమే పనిగా కొన్ని ఊళ్లలో సాగింది. 2014 వీధి వ్యాపారుల చట్టం అలా చేయనివ్వదు. ముందు సర్వే, టౌన్ వెండింగ్ కమిటీ, గుర్తించిన జోన్లు ఉండాలి. మాస్టర్ ప్లాన్‌లో జాగా చూపించి ఇవన్నీ సర్దవచ్చు. అయితే జగిత్యాలలో ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ భూములు పోతాయని రోడ్డెక్కడంతో 2023 జనవరిలో కౌన్సిల్ దాన్ని రద్దు చేస్తూ తీర్మానించింది.

2025 మే 14న సుప్రీంకోర్టు సరైన ఫుట్‌పాత్ పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, పాదచారుల రక్షణకు మార్గదర్శకాలు తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. వికలాంగులకు వీలుగా ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని కూడా చెప్పింది. 2020 జనవరి ఎన్నికల్లో ఏర్పడిన తెలంగాణ మున్సిపల్ కౌన్సిళ్ల గడువు ఆ తీర్పుకు కొద్ది నెలల ముందే, 2025 జనవరిలో తీరిపోయి, పాలన ప్రత్యేకాధికారుల చేతిలోకి వెళ్లింది.

తెలంగాణ పట్టణాల్లో వార్డుకు నాలుగు చొప్పున యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖుల కమిటీలు వేసే పద్ధతి పట్టణ ప్రగతితో వచ్చింది. ఒక్కో దానిలో 15 మంది. వార్డు అవసరాలు చెప్పడం వాళ్ల పని. మహిళల కమిటీలో, వృద్ధుల కమిటీలో కూర్చున్నవాళ్లు తర్వాతి బడ్జెట్‌కు ముందు తమ వార్డులో మోరీ మూతను కాకుండా కాలిబాటను, దాని వెడల్పును మీటర్లలో రాసి అడగాలి.