శ్రీ, చుక్క, ఆపైన దెబ్బలు

మా తాతగారు అక్షరాలు నేర్చుకున్నది విశాఖపట్నం వన్ టౌన్‌లో, కోటవీధి దగ్గర ఒక ఇంటి అరుగు మీద నడిచిన వీధిబడిలో. ఇసకలో వేలితో దిద్దించేవారట. తెల్లవారకముందే పిల్లలు బడికి పరుగు తీసేవారు. అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో పంతులుగారు ‘శ్రీ’ రాసేవారు. రెండోవాడికి చుక్క. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అయిదోవాడికి మూడు, అలా చిట్టచివరివాడి దాకా.

ఇది వన్ టౌన్ వాళ్లు కనిపెట్టింది కాదు. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు రెవెన్యూ బోర్డుకు రాసిన నివేదికలో ఇదే వరస కనిపిస్తుంది. అక్కడ మొదటివాడి చేతిలో రాసేది సరస్వతి పేరు. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. ఆయన లెక్కకు వచ్చినవి 533 బడులు, 6,641 మంది పిల్లలు. సగటున బడికి పన్నెండు మంది. పన్నెండోవాడికి పొద్దున్నే పది దెబ్బలు!

ఈ ఆచారం గురించి రాసినవాళ్లు చాలామంది దాన్ని క్రమశిక్షణ కిందే జమకట్టారు. నాకు మాత్రం అందులో మరొకటి కనిపిస్తుంది. నన్ను దాటి ఒకడు ముందుకు పోతే నాకు ఒక దెబ్బ ఎక్కువ. వాణ్ని ఆపగలిగితే ఒకటి తక్కువ. అందుకే చీకట్లో సందు మలుపు దగ్గర కాళ్లు అడ్డం పెట్టుకునేవారట, చొక్కా పట్టి వెనక్కి గుంజేవారట, చిన్నవాళ్లను కాలవలోకి తోసేవారట. ఆ తోసినవాళ్లలో ఇంట్లో నోరెత్తనివాళ్లే ఎక్కువని తాతగారు చెప్పేవారు. తోసింది పొగరుతో కాదు, రాబోయే దెబ్బ మీది బెంగతో.

బడికి రానివాణ్ని ఏం చేసేవారో మన పెద్దవాళ్లందరికీ తెలుసు. నలుగురు పెద్ద పిల్లల్ని పంపేవారు. వాళ్లు బడిదొంగని కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తుకొచ్చి పడేసేవారు. తర్వాత కోదండం: రెండు చేతులూ తాడుకి కట్టి దూలానికి వేలాడదీయడం. క్యాంప్‌బెల్ నివేదికలో అదీ ఉంది, గుంజీళ్లూ ఉన్నాయి. తాతగారు చెప్పినదాంట్లో నేను మరచిపోలేనిది ఒకటుంది. బడిదొంగని అందరికంటే గట్టిగా, గోళ్లు దిగేలా పట్టుకునేది కిందటి నెలలో కోదండం ఎక్కినవాడేనట.

ఈ సంగతిని మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్ 1936లో వివరించారు. భయపెట్టేవాడి వేషం తానే వేసుకోవడం ద్వారా పిల్లవాడు భయాన్ని అణుచుకుంటాడని ఆమె అన్నారు. ఆమె చూపించిన ఉదాహరణల్లో ఒక బడిపిల్లవాడున్నాడు. మాస్టారు కోప్పడినప్పుడల్లా వాడి ముఖం వికారంగా వంకర్లు పోయేది, తోటివాళ్లు పగలబడి నవ్వేవారు. దగ్గరుండి చూస్తే ఆ వంకర్లన్నీ మాస్టారి కోపపు ముఖానికి నకళ్లే. వాడు వెక్కిరించడం లేదు, హడలిపోతున్నాడు.

మళ్లీ మా ఊరి బడుల సంగతికొస్తే, 1805లో లండన్ మిషనరీలు ఇక్కడ దిగారు. 1847లో సెయింట్ అలోషియస్ బడి వచ్చింది. బల్లలు, గంటలు, హాజరు పట్టీలు వచ్చాయి. నెమ్మదిగా ఊళ్లో ఇసక బడులు పోయాయి గానీ బెత్తం పోలేదు. మా తరం దాకా వచ్చింది.

మధ్యలో వన్ టౌన్ పిల్లలందరికీ ఒకేసారి ఒక భయం తగిలింది. 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాను విమానాలు రేవు మీద బాంబులు వేశాయి. మా అమ్మకి అప్పుడు ఎనిమిదేళ్లు. ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని పల్లెలకు పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలింది. అమ్మావాళ్లు విజయనగరం అవతల ఒక చుట్టాలింట తలదాచుకున్నారు. అక్కడ మా మావయ్య, అంతవరకూ చీమకైనా హాని చెయ్యనివాడు, ఆ ఇంటి పిల్లల్ని కొరకడం మొదలుపెట్టాడు. విమానంలా చేతులు చాపి మీదికి ఉరికేవాడు. “పట్నం గుంటడు, పెంకిగా పెంచారు” అనేవారు అక్కడివాళ్లు. రాత్రిళ్లు వాడు పక్క తడిపేవాడని అమ్మకొక్కదానికే తెలుసు. అదే యుద్ధకాలంలో లండన్‌లో డొరొతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి శిశుశాలలు నడిపిన అన్నా ఫ్రాయిడ్ కూడా బాంబులాట ఆడే పిల్లల్ని చూసి రాసిపెట్టారు. విజయనగరం అవతలి పల్లెలో రాసిపెట్టేవాళ్లు లేరు.

నేను వన్ టౌన్‌లో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా క్లాసులో జాలరి పిల్లలు ఎక్కువ. రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని తెలిసిన రోజు క్లాసు వేరుగా ఉండేది. అయిదో తరగతి పిల్లవాడు ఒకడు, వాళ్ల నాన్న బోటు ఇంకా తిరిగి రాలేదు. పొద్దున్నుంచి కడుపునొప్పి అన్నాడు. నీళ్లకని, ఒంటికని మాటిమాటికీ లేచాడు. మధ్యాహ్నం పక్కవాడి మోచెయ్యి వీడి నోట్సుకి తగిలింది. కంపాస్ బాక్సు తీసి నుదురు మీద కొట్టాడు, రక్తం కారింది. ఆ చెయ్యి పట్టుకుంటే మంచుముద్దలా ఉంది, వణుకుతోంది. భయానికీ కోపానికీ ఒళ్లు ఒకేలా సిద్ధమవుతుందని, పారిపోవడానికైనా కలబడడానికైనా గుండె ఒకేలా కొట్టుకుంటుందని శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే చెప్పారు. పారిపోయే దారి మూసుకుపోయిన క్లాసురూములో పిల్లవాడికి మిగిలేది రెండోదే.

మోచెయ్యి తగిలింది పొరపాటున. వాడికి మాత్రం కావాలని పొడిచినట్టే తోచింది. 1980లో మనస్తత్వవేత్త కెన్నెత్ డాడ్జ్ చేసిన ప్రయోగం ఇలాంటిదే. పిల్లవాడు పేర్చుకుంటున్న బొమ్మ ముక్కల్ని ఇంకొకడు చెదరగొట్టాడని చూపించారు. ఎందుకు చెదరగొట్టాడో స్పష్టంగా లేనప్పుడు, దూకుడు పిల్లలు అది కావాలనే చేసినట్టు మండిపడ్డారు.

కొట్టే ప్రతి పిల్లవాడూ భయస్థుడే అని నేననను. తాపీగా, లెక్క వేసుకుని ఏడిపించేవాళ్లనీ చూశాను. బెంగంతా లోపలే దాచుకుని ఒక్కరి జోలికీ పోనివాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎంతమందో. అందుకే ఏ రోజు కొట్టాడు, పొద్దున్నుంచి ఎలా ఉన్నాడు అనేది చూడాలి. “ఎవడు ముందు చెయ్యి చేసుకున్నాడు” అన్న ఒక్క ప్రశ్నతో తేల్చేసే హెడ్‌మాస్టర్లంటే నాకు చాలా కోపం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో విద్యా నిబంధనలు మార్చి బడిలో దెబ్బల్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమలుకొచ్చిన విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్లో, మానసికంగా వేధించడాన్నీ చేర్చింది. బెత్తం చాలావరకు పోయింది. నాకు సంతోషం. కానీ మా మనవడి ప్రైవేటు స్కూల్లో వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల వరసన పేర్లు గోడకి అంటిస్తారు, ఆ వరసనే సెక్షన్లు మారుస్తారు. ముందున్నవాడికి శ్రీ, తర్వాతివాడికి చుక్క. మా మనవడు తనకంటే ఒక్క మార్కు ఎక్కువ తెచ్చుకున్న స్నేహితుడి నోట్సు పరీక్ష ముందురోజు చించేశాడని మా కోడలికి ఫోను వచ్చింది. వాణ్ని కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లమన్నారు, తీసుకెళ్లాం. ఆ మార్కుల పట్టీ గోడ మీదినుంచి తియ్యమని నేను రాసిచ్చిన కాగితానికి ఇంకా జవాబు రాలేదు. వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశంలో మళ్లీ అడుగుతాను, ఈసారి మిగతా తల్లుల సంతకాలతో.