ఓరుగంటి చెఱువులు – నేల నేర్పిన విద్య



భూగోళశాస్త్రమనగా బడిపిల్లలు దేశముల పేరులను వల్లించుట యని మనలో పలువురి తలంపు. కాకతీయుల కాలమున నీ శాస్త్రము చెఱువుకట్టలమీదనే కనబడుచుండెను. నేను నేడు చెప్పబూనినది దానిని గూర్చియే.

గోదావరి మన సీమ యంచున పాఱునే గాని, ఓరుగంటి మిట్టకు తనంత నెక్కి రాదు. నైరృతి ఋతుపవనములు నాలుగు మాసములలో వానలలో చాలభాగము కురిసి పోవును. అడుగున గట్టిరాయి పఱచుకొనియుండుటచే నీరు లోనికి మిక్కిలి యింకక వాలు వెంబడి పోవును. కావుననే యొక యేడు క్షామము, మఱియొక యేడు వఱద. రెండును ఈ నేల గుణములే.

గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు ఏలెను. ఆ కాలపు పనివారు కొండలనే సగము కట్టగా వాడుకొనిరి. పాఖాలలో ఏటికడ్డముగా గుట్టల నడుమ మైలునకు పైబడిన కట్ట వేసిరి. లక్నవరమున మూడు ఇఱుకు లోయలను మూసిరి. తక్కిన గోడ కొండలదే. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడిని చూచి లోకము మెచ్చుచున్నది, 2021లో ప్రపంచవారసత్వ స్థానమును ఇచ్చినది. నాకు మాత్రము దాని చెంతనున్న చెఱువే యెక్కువ యాశ్చర్యము గొలుపును. ఎగువ చెఱువు మత్తడి దూకిన నీరు దిగువ చెఱువును నింపును. ఈ గొలుసుకట్టు కఱవునకు నిలువధాన్యము వంటిది, వఱదకు కళ్లెము వంటిది.

1323లో రాజ్యము పోయినను చెఱువులు నిలిచినవి. అవి పూడినపుడు పూడిక తీయుటకు 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యెను. అయినను మత్తడికాలువలపై ఇండ్లు లేచినచో పూడిక తీసిన లాభమేమి? 2020 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ పేటలు మునుగుటకు నాలాల యాక్రమణయు నొక కారణము. 2023 జులై 27 ఉదయమునకు ములుగు చెంత లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఆనాడే మోరంచపల్లి మునిగి, జనులు మిద్దెలెక్కి హెలికాప్టరులకై యెదురుచూచిరి. 29వ తేదీన భద్రకాళి చెఱువుకట్ట తెగెను.

అంతటి వాన నే చెఱువును పూర్తిగా నాపజాలదు. కాని నీరే దారిని పోవునో ముందే తెలియవచ్చును. మీ యూరి శికము, వాగు, కాలువ గ్రామనక్షాలో గీయబడియున్నవి. వెనుకటి వఱద ఏ చెట్టువఱకు, ఎవరి గడపవఱకు ఎక్కినదో నక్షాలో లేదు. అది మీ జ్ఞాపకములో నున్నది. ఆ రెంటిని ఒక్కచోట పఱచి చూచినచో, ఇండ్లస్థలములు ఎచ్చట నీయరాదో గ్రామసభలోనే తేలును.